కలోలి వెంట నడిచింది

ముందు ఏం చూశారో చెప్పండి. ఏం కనపడాలో అక్కర్లేదు, ఏం అర్థమైందో అసలే అక్కర్లేదు. తెర మీద మీ కళ్లకు కనపడింది కనపడినట్టు చెప్పండి. నకావుమా గది గుమ్మంలో ఎవరు కాలు పెట్టినా మంచినీళ్ల కంటే ముందు ఎదురయ్యే మాట ఇదే. మీరు వెళ్లినా అంతే.

వాండెగేయా పేటలో చపాతీ కొట్టు పైన ఉంది ఆ రేకుల గది. శనివారం ఉదయం ఏడుగురు అక్కడ చేరతారు. కిసా అనే ప్రోగ్రామింగ్ భాషకు యజమాని అంటూ లేడు. దేశదేశాల వాళ్లు ఊరికే రాస్తారు, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. భాష నెలనెలా మారిపోతుంది. దాన్నెలా వాడాలో చెప్పే పేజీలు మాత్రం వాటంతటవి మారవు. వాటిని దిద్దే చాకిరీ ఈ ఏడుగురిది. జీతం లేదు, పేరు లేదు. తిట్లు మాత్రం వేళకు అందుతాయి.

ఒక పేజీ అబద్ధమైపోతే ఒక కలోలి కొంగ వచ్చి రేకుల మీద వాలుతుంది. బోడితల, మెడ కింద వేలాడే సంచి, అప్పీలు కొట్టేసిన అధికారి చూపు. పేజీ దిద్ది పంపాక, సముద్రం అవతల కిసా బాగోగులు చూసే కమిటీ ఒప్పుకుంటే లేచిపోతుంది. కలోలి ఉందంటే ఏదో పేజీ తప్పని ఊరంతటికీ తెలుసు, ఏ కొంగ ఏ పేజీదో మాత్రం తెలియదు. ఆ వారం నలభై ఒకటి కూర్చున్నాయి. రేకులు వంగిపోతున్నాయని ఇంటి ఓనరు గొడవ. ఈ వారం బాగా వెనకబడ్డారే అని కింద చపాతీలాయన ఎకసెక్కం. మూడు నెలల కిందట పంపిన సవరణకు కమిటీ జవాబు ఆ ఉదయమే వచ్చింది: శీర్షిక మా పద్ధతిలో లేదు, మళ్లీ పంపండి. నకావుమా అరవై మూడేళ్ల ఒళ్లు భగ్గుమంది.

అప్పుడే బిరుంగి వచ్చింది. కవెంపేలో ఒక చిన్న క్లినిక్‌లో పసిపిల్లల టీకాల రిజిస్టరు రాస్తుంది. ఏ బిడ్డకు ఏ రోజు సూది వెయ్యాలో జాబితా దానంతటది వచ్చేలా కిసాలో రాయాలని కూర్చుంది. తేదీల పేజీ దగ్గర మూడు వారాలుగా ఆగిపోయింది. సోమవారానికి కాకపోతే వేరే మనిషిని చూసుకుంటానని క్లినిక్ నడిపే సిస్టర్ చెప్పేసింది.

"పేజీలో ఉన్నట్టే కొట్టాను జాజా," అంది. అక్కడ అందరికీ నకావుమా జాజాయే, మామ్మ. "పోయిన నెలాఖరు బిడ్డల పేర్లు ఈ నెలలో వస్తున్నాయి. నా తలకాయే మొద్దు. సోమవారం వెళ్లి నావల్ల కాదని చెప్పేస్తా."

ఏడుగురిలో ఒకడు లుబ్వామా, తలెత్తలేదు. "ఆ పేజీకేం? నేనే రాశా. నా మెషిన్‌లో భేషుగ్గా నడుస్తోంది."

"అయితే నీ మెషిన్‌నే పెళ్లాడు. పిల్ల మెషిన్ సంగతి చెప్పు," అంది నకావుమా.

ఖాళీ ల్యాప్‌టాప్ మీద కూడా చూశానన్నాడు. నిజమే. పేజీలు పరీక్షించడానికి పాలిథిన్ సంచిలో చుట్టి ఉంచిన ల్యాప్‌టాప్ అది. పేజీ చెప్పింది తప్ప అందులో ఇంకేమీ పెట్టకూడదని వాళ్ల కట్టుబాటు. దాని మీద ఆ పేజీ చక్కగా నడిచింది. సరే అని రెండుసార్లు ఒప్పింది కూడా నకావుమాయే.

బిరుంగి మెట్లు దిగింది. రేకుల మీంచి ఒక కలోలి దిగి ఆమె వెనకే నడక మొదలెట్టింది. బోడాలనే కిరాయి మోటార్‌సైకిళ్లవాళ్లు దారిచ్చారు. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, తప్పు ఆ పేజీదేనని తెలిసి, నకావుమా పాలిథిన్ సంచి విప్పింది. ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తెరిచింది. మధ్యాహ్నానికి దొరికింది. ఏ దేశం గడియారం లెక్కన తేదీలు చూడాలో చెప్పే ఒక్క లైను. ముందే పెట్టేసి ఉంది. అది లేని మెషిన్‌లో తేదీలు ఒక రోజు జరిగిపోతాయి.

"ప్రతిసారీ కొట్టలేక ఓసారి పెట్టి వదిలేశా జాజా," అన్నాడు లుబ్వామా. "రెండేళ్లయిందేమో."

"పేజీలో రాశావా?"

"అది అందరికీ తెలిసిందేగా."

"అందరికీ అంటే ఎవరికిరా? నీకూ నాకూ. తెలిసినవాళ్లకి నీ పేజీ ఎందుకు?"

ఇంకా చాలా అనాలనుకుంది. ఆఫీసు కిటికీల ముందు ఫారం తప్పు, ఫారం తప్పు అని వెనక్కి తిప్పించుకుంటూ బతికిన మనిషి ఆవిడ. ఏ గడి తప్పో ఒక్కడూ చెప్పిన పాపాన పోలేదు. కానీ ఈ పేజీని ఒప్పింది తన చెయ్యి. కుర్చీ లాక్కుని ఆ లైను తనే పేజీలో చేర్చింది. దిద్దిన పేజీ సాయంత్రానికే కమిటీకి పంపింది.

సోమవారం నకావుమా బోడా ఎక్కి క్లినిక్‌కి వెళ్లేసరికి సిస్టర్‌కి చెప్పవలసిందేమీ మిగల్లేదు. రిజిస్టరు గది గుమ్మంలో కలోలి నిలబడి ఉంది. తల్లులు బిడ్డల్నెత్తుకుని పక్కనుంచి వెళ్తున్నారు. జరిగింది బిరుంగి చెప్పింది. నావల్ల కాదని చెప్పడానికి తను నోరు తెరిచేలోపే సిస్టర్ కొంగ వంక చూసిందట. "తప్పు పేజీదా? ముందే చెప్పొద్దూ. కూర్చో. అది కుదిరేదాకా చేత్తో రాయి," అని టీ తాగడానికి వెళ్లిపోయిందట.

నకావుమా ఆ లైను చెప్పింది. బిరుంగి కొట్టింది. ఆ వారం సూదికి రావలసిన పిల్లల పేర్లు తెర మీద బారుగా దిగాయి. పిల్ల ఉద్యోగం నిలబడింది. కొంగ మాత్రం కదల్లేదు. కమిటీ ఒప్పుకునేసరికి అక్టోబరు వచ్చింది. అన్నాళ్లూ క్లినిక్‌వాళ్లు దాని కాళ్ల చుట్టూ నేల తుడుచుకుంటూనే ఉన్నారు.

అది లేచిపోయిన రోజు లుబ్వామా చప్పట్లు కొట్టాడు. నకావుమా కొట్టలేదు. తప్పుగా ఉన్న రెండేళ్లలో ఆ పేజీ తెరిచినవాళ్లు పదకొండు వేల మంది. నడవలేదని వచ్చి చెప్పింది ఒక్కతే, అదీ తప్పు తనదేనని. మిగతావాళ్లలో ఎందరు నా తలకాయే మొద్దనుకుని మూసేసి, వేరే బతుకు చూసుకున్నారో. పేజీకొక కొంగే, అందరి వెనకా నడవలేదు కదా. పేజీ దిద్దాం, బాగుంది. వాళ్ల గుమ్మాలు వెతుక్కుంటూ వెళ్లి, తప్పు మీది కాదని చెప్పేదెవరు?