రెండు బంకుల సగటు

తూర్పు విభాగంలో పెట్రోలు ధర వరుసగా తొమ్మిదో వారమూ సరిగ్గా అయిదు పైసలు తగ్గింది. తక్కిన విభాగాలన్నింటిలోనూ పెరుగుతూనే ఉంది. గణాంకాల కార్యాలయంలో ధరల పట్టికకు బాధ్యురాలినైన నాకు ఆ ‘సరిగ్గా’ నచ్చలేదు. మార్కెట్టుకు అంత క్రమశిక్షణ ఉండదు.

మా ఉపసంచాలకుడికి మాత్రం అమితంగా నచ్చింది. ఆయనను మేము చాటుగా ‘ఉపన్యాసం’ అంటాము.

“కొనేవాళ్లు లేకే ధర పడుతోంది. తూర్పున మాంద్యం వచ్చేసింది మేడమ్. శుక్రవారం పత్రికలవాళ్లను పిలిచాను. మీరొక సంతకం పడేస్తే చాలు.”

“సంతకాలు పడేయను. చూసి పెడతాను. రెండు రోజులు ఆగండి.”

ముప్పై ఒక్క ఏళ్లలో నా పట్టికకు ఒక్క సవరణ పత్రమైనా వెలువడలేదు. సొరుగులోని సవరణ ఫారాల కట్టకు చుట్టిన రబ్బరుబ్యాండు ఎండి పెళుసెక్కింది. పదవీ విరమణకు నాలుగు నెలలుంది. ఆ కట్టను విప్పకుండానే నా తరువాత వచ్చేవారికి అప్పగించాలని నా కోరిక. అది అహంకారమే, దాచను.

మా పద్ధతి తేలికైనది. సోమవారం బంకులకు ఫోన్ చేసి లీటరు ధర అడుగుతాము. మంగళవారం విభాగాలవారీగా సగటు ప్రచురిస్తాము. తూర్పున మా జాబితాలో మూడు బంకులుండేవి. పది వారాల క్రితం ఒకటి మూతపడింది.

బుధవారం బస్సెక్కి స్వయంగా వెళ్లాను. మిగిలిన రెండు బంకులూ రోడ్డుకు చెరోవైపు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకటి బావది, రెండోది బావమరిదిది. రెండింటి ముందూ వాహనాలు బారులు తీరి ఉన్నాయి. బావమరిది తన అద్దాల గదిలో రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు.

“ఇంత గిరాకీ ఉంటే ధర ఎందుకు తగ్గిస్తున్నారు?”

“మా బావ తగ్గిస్తున్నాడు కాబట్టి.”

“ఆయన బోర్డు చూశారా?”

“ఆయన మొహం చూడనని ఒట్టేసుకున్నానమ్మా. బోర్డు చూస్తే మొహం చూసినట్టే.”

“అంత పగ దేనికి?”

“‘మీ తమ్ముడికి లెక్కలు రావు’ అన్నాడు మా అక్కతో. అదీ నేను భోంచేస్తుండగా. ఇప్పుడు చూడండి. మీ సగటును రెండింతలు చేసి, అందులోంచి నా ధర తీసేస్తే ఆయన ధర పైసలతో సహా తేలుతుంది. దానికి అయిదు పైసలు తక్కువ పెడతాను. లెక్కలు రానివాడు చేసే పనేనా ఇది?”

రోడ్డు దాటి బావ దగ్గరికి వెళ్లాను. ఆయనా రోడ్డుకు వీపు పెట్టే కూర్చున్నాడు.

“వాడికి లెక్కలు రావండీ, గుడ్డిగా తగ్గించుకుంటూ పోతున్నాడు. నేనైతే మీ సగటును రెండింతలు చేసి...”

“తెలుసు,” అన్నాను.

మూడు కంటే తక్కువ బంకులున్న చోట సగటు ప్రచురించరాదని మాకొక నియమం ఉంది. రెండే ఉంటే ఒకరి గుట్టు రెండోవారికి తెలిసిపోతుంది. ఆ నియమం రాసినదాన్ని నేనే. మూడో బంకు మూతపడిన వారం, పట్టికలో ఖాళీ గడి అసహ్యంగా ఉంటుందని, గుమాస్తా చేత రెండింటి సగటు వేయించినదాన్నీ నేనే. ఆ ఇద్దరూ నా పట్టికను చూసి ధర పెడుతున్నారు. నేను వారిని అడిగి పట్టిక వేస్తున్నాను.

గురువారం ఉపన్యాసానికి అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు.

“గుమాస్తా పొరపాటని రాద్దాం మేడమ్. మీ పేరు చెడదు.”

“గుమాస్తా నేను చెప్పిన మాట విన్నాడు. అతని పొరపాటు అదొక్కటే.”

“మరి పత్రికలవాళ్లకు ఏం చెప్పమంటారు?”

“తూర్పున మాంద్యం లేదు, బంధుత్వం ఉందని చెప్పండి.”

సొరుగు తెరిచి కట్ట తీశాను. వేలు తగలగానే రబ్బరుబ్యాండు ముక్కలైంది. మొదటి సవరణ పత్రంలో ‘కారణం’ అన్న చోట ‘పట్టిక బాధ్యురాలు నియమాన్ని ఉల్లంఘించినందున’ అని రాసి, కింద సంతకం చేశాను. మొదటిసారి అయినా అక్షరాలు బాగానే వచ్చాయి.

మరుసటి మంగళవారం తూర్పు గడిలో అంకెకు బదులు చిన్న గీత పడింది. మధ్యాహ్నం బావమరిది తానే ఫోన్ చేశాడు.

“గీత పెట్టారేమిటమ్మా? ఇప్పుడు నేనెంత తగ్గించాలి?”

“తలెత్తి రోడ్డవతలకు చూడండి.”

“చూడను.”

“అయితే ఉన్న ధరే ఉంచండి.”

“అలాగే ఉంచాను. మా బావ ఎంత పెట్టాడో మీకు చెప్పే ఉంటాడుగా?”

“చెప్పారు. అది గోప్యం.”

“మా అక్క చేత అడిగిస్తాను.”

“నన్నెందుకు? బావగారినే అడిగించండి,” అని ఫోన్ పెట్టేశాను.