వంతెన మీద చేపలవాడు

మెల్‌బోర్న్‌లోని ఆ చిన్న గేమ్ స్టూడియోలో, ఆటలోని ఊరి జనం ఎప్పుడు లేవాలో, ఎక్కడికి వెళ్లాలో రాసేది డెస్మండ్. కంప్యూటర్ మెమరీ చాలక మొన్న ఆ ఊళ్లోని చేపలవాడి పెళ్లాన్ని తీసేశాడు. అక్కడ మనిషిని తీసేయడం ఒక్క మీట నొక్కినంత తేలిక. రోజూ సాయంత్రం ఆమెకి ఎదురెళ్లే మొగుడి దినచర్య మార్చడం మాత్రం మరిచిపోయాడు.

"నీ చేపలవాడికి పిచ్చెక్కింది, డెస్," అంది ఆటను పరీక్షించే మెరెడిత్. "రోజూ సాయంత్రం లాంతరు పట్టుకుని వంతెన మీద నిలబడతాడు. ఎవరూ రారు. చీకటి పడ్డాక ఇంటికి పోతాడు."

"సరిచేస్తాలే."

"వద్దు ముసలోడా. ఊరికి ప్రాణం వాడేనంటున్నారు ఆడినవాళ్లంతా."

బయట వాన మొదలైంది. డెస్మండ్ రెండు గొడుగులు తీసుకుని, భార్య గ్వెన్ దిగే ట్రామ్ స్టాపుకి బయల్దేరాడు. ఆమె పోయి ఏడాది దాటింది.