విశ్రాంతమ్మకు వచ్చిన వీసా

కరోనా తర్వాత యెరూషలేము యాత్రలు మళ్లీ మొదలైన ఏడాది, ఫిబ్రవరిలో ఒక గురువారం, కారేపల్లి పాస్టరు షాలేమ్‌రాజుకు ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. చేసినవాడు యాత్రలు నడిపే ట్రావెల్స్ ఆఫీసు జోయెల్. ముప్పై రెండు మంది పేర్లు పంపిస్తే ముప్పై ఒక్క వీసాలు వచ్చాయన్నాడు. రానిది ఒక్క షాలేమ్‌రాజుదే. అతని భార్య విశ్రాంతమ్మది వచ్చింది.

షాలేమ్‌రాజు ఫోన్ పెట్టేసి చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. యెరూషలేము వెళ్లాలన్నది అతనికి ఇరవై ఏళ్ల కోరిక. విశ్రాంతమ్మకు అప్పటిదాకా అసలు పాస్‌పోర్టే లేదు. భార్యాభర్తలిద్దరూ కలిసి అప్లై చేస్తే తిరిగి వస్తారన్న నమ్మకం ఎక్కువని జోయెల్ అంటే, తన దరఖాస్తుకు బలంగా ఉంటుందని ఆమె పేరు కలిపాడు. స్కూలు సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే మీసేవ చుట్టూ నెల రోజులు తిరిగి సరిచేయించాడు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో కోసం స్టూడియోకి రెండుసార్లు తీసుకుపోయాడు. తనకు తోడుగా పెట్టుకున్న కాగితాలు దాటిపోయి, తన కాగితం ఆగిపోయింది.

మధ్యాహ్నం బస్సుకే ఖమ్మం వెళ్లాడు. జోయెల్ కుర్చీ వేసి, టీ తెప్పించి, కారణం ఎంబసీవాళ్లు చెప్పరని ముందే చెప్పాడు. తర్వాత సొరుగులోంచి షాలేమ్‌రాజు పాత పాస్‌పోర్టు తీసి చివరి పేజీ తెరిచాడు. కొత్త దానితో పాటు పాతది కూడా ఇమ్మంటే ఇచ్చినదే. అందులో మూలన చిన్న ముద్ర ఒకటి ఉంది.

"అయ్యగారూ, ఫారంల ఒక ప్రశ్న ఉంటది. ఇంతకుముందు ఏ దేశమన్నా మీకు వీసా కాదన్నదా అని. మీరు లేదని రాసిండ్రు. మరి ఈ ముద్ర ఏంది?"

షాలేమ్‌రాజు టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని, ఎప్పటిదో, గుర్తులేదన్నాడు. గుర్తు లేకేం. పన్నెండేళ్ల కింద ఒక విదేశీ సభకు పిలుపు వచ్చినప్పుడు, హైదరాబాదులో ఒక ఏజెంటు అతని సంఘంలో రెండు వేల మంది సభ్యులున్నట్టు ఉత్తరం తయారుచేశాడు. ఉన్నది నూట ఇరవై మంది. వీసా ఆఫీసులో అద్దం వెనక కూర్చున్న అధికారి రెండు ప్రశ్నలడిగి, ముద్ర కొట్టి పాస్‌పోర్టు వెనక్కి ఇచ్చేసింది. ఇంటికొచ్చి సభ రద్దయిందని చెప్పాడు. ఆ మాట అందరూ నమ్మారు. కొన్నాళ్లకు తనూ దాదాపు నమ్మాడు.

తిరుగు బస్సులో అతను ఆలోచించింది ఆ ముద్ర గురించి కాదు, భార్య ఏమంటుందోనని. నువ్వు లేకుండా నేనెట్ల పోత, నాకూ వద్దు అంటుంది. అప్పుడు తను ఒకటి రెండుసార్లు వెళ్లమని బతిమాలాలి. ఆమె ఒప్పుకోదు. ఆదివారం సంఘంలో ఆ మాట చెబితే నలుగురూ ఆమె మనసును మెచ్చుకుంటారు, తన పరువూ నిలుస్తుంది. ఇల్లందు రోడ్డు పొడవునా కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిర్చి మీద ఎండ వాలుతుంటే, ఆ సంభాషణ మొత్తం మనసులో రెండుసార్లు నడిపించుకున్నాడు.

విశ్రాంతమ్మ విన్నది. చేతిలోని చాట పక్కన పెట్టి అతని పక్కన కూర్చుంది. చానా బాధగా ఉందన్నది. ఇంకోసారి అడగొచ్చా అని అడిగింది. తర్వాత కొంచెం ఆగి, "మరి అక్కడ చలి ఉంటదా? స్వెటర్ కొనాల్నా?" అన్నది.

షాలేమ్‌రాజు ఉంటదని చెప్పి లేచి బయటికి పోయాడు.

ఆ రోజు నుంచి అతనికి ఇంట్లో ప్రతిదీ గుచ్చుకోవడం మొదలైంది. ఆమె నీలం స్వెటర్ కొనుక్కుని, ఒకసారి తొడుక్కుని చూసుకుని మడిచిపెడితే గుచ్చుకుంది. గోడమీద తను అతికించిన ఆ దేశపు పటం ముందు నిలబడి ఊళ్ల పేర్లు కూడబలుక్కుంటుంటే గుచ్చుకుంది. అంతకుముందు అయ్యగారూ యొర్దాను నది నీళ్లు తెండి, అయ్యగారూ మా పేరు చెప్పి ప్రార్థన చేయండి అని అడిగినవాళ్లు, ఇప్పుడు అవే మాటలు అమ్మగారితో అంటున్నారు. అడవి అంచు గూడెం నుంచి ముత్తక్క అనే ముసలామె ఖాళీ మందు సీసా కడిగి పట్టుకొచ్చింది. నేరుగా వంటింట్లోకి వెళ్లి విశ్రాంతమ్మ చేతికిచ్చింది. వరండాలో కూర్చున్న తనకు వందనాలు మాత్రం చెప్పింది.

పొరుగువాడిని చూసి ఓర్వలేకపోవద్దని షాలేమ్‌రాజు ఎన్నో ఆదివారాలు చెప్పాడు. ఒకే కంచంలో తినే మనిషిని చూసి ఓర్వలేకపోతే ఏం చేయాలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ వారం ప్రసంగం మధ్యలో రెండుసార్లు మాట మరిచిపోయాడు.

వెళ్లడానికి అయిదు రోజులుందనగా అతనికొక ఉపాయం తోచింది. వీసా ఉన్నంత మాత్రాన లోపలికి రానిస్తారని లేదని ఆమెకు చెప్పాడు. విమానం దిగగానే ఆఫీసర్లు నిలదీస్తారని, ఒక్క మాట తేడా వచ్చినా అటు నుంచి అటే పంపిస్తారని, నీకు ఇంగ్లీషు రాదు కాబట్టి బాగా ఆలోచించుకోమని చెప్పాడు. అందులో కొంత నిజమే. చెప్పిన ఉద్దేశమే నిజం కాదు.

విశ్రాంతమ్మ భయపడింది. భయపడి, "అయితే నేర్పు" అన్నది.

అట్లా రోజూ సాయంత్రం అతను కుర్చీలో ఆఫీసరై కూర్చునేవాడు. ఆమె పాస్‌పోర్టు పట్టుకుని ఎదురుగా నిలబడేది. పేరేంటి, ఎందుకొచ్చావు, ఎన్ని రోజులుంటావు, ఏ హోటల్లో ఉంటావు, తిరుగు టికెట్ ఏది. మొదటి రోజు ఆమె చెమటలు కక్కింది. రెండో రోజు హోటల్ పేరు తప్పు పలికితే, చూశావా, ఇంతే సంగతులు అన్నాడు. మూడో రోజు తప్పు లేకుండా చెప్పింది. అతను గొంతు పెంచి, ప్రశ్నలు తిప్పి తిప్పి అడిగాడు. ఆమె తొణకలేదు. ఇల్లు దాటి నలుగురిలో మాట్లాడని మనిషి, వాక్యం తర్వాత వాక్యం అప్పజెప్తుంటే అతనికి లోపల మండింది. జోయెల్ ఇచ్చిన ఫారం నకలు అందుకుని వరసగా చదవడం మొదలుపెట్టాడు.

"ఇంతకుముందు ఏ దేశమన్నా నీకు వీసా కాదన్నదా?"

"నో సార్," అన్నది విశ్రాంతమ్మ. అని, పాస్‌పోర్టు దించి, "దీనికి నువ్వేం రాసినవ్?" అని మామూలుగానే అడిగింది.

షాలేమ్‌రాజు కాగితంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆమె తొందరపెట్టలేదు. వాకిట్లో కోళ్లు గంప కిందికి దూరేదాకా నిలబడే ఉంది. చివరికి అతను చెప్పాడు. ముద్ర గురించి, రెండు వేల మంది గురించి, రద్దు కాని సభ గురించి.

"నీకు దారి దొరకాలని నేను మూడు దినాలు ఉపవాసమున్న అప్పుడు," అన్నది ఆమె. "సభ రద్దయిందంటే నా ప్రార్థనల లోపమేమో అనుకున్న."

అతను ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కడ నన్ను అడుగుతరు కదా, నీ భర్త ఎందుకు రాలేదని. ఏం చెప్పాలె?"

"వీసా రాలేదని చెప్పు."

"సరే. అడిగితే ఉన్నదే చెప్త," అని పాస్‌పోర్టు బియ్యం డబ్బా పక్కన డబ్బాలో పెట్టి, పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు. సంఘంలో మాత్రం షాలేమ్‌రాజు, దేశాల మధ్య ఏవో రాజకీయాలని చెప్పుకుంటూనే ఉన్నాడు.

శంషాబాదు విమానాశ్రయంలో టికెట్ ఉన్నవాళ్లనే లోపలికి పంపుతున్నారు. గేటు దగ్గర జవాను ఆమె పాస్‌పోర్టు తిప్పి చూసి పొమ్మన్నాడు, అతన్ని పక్కకు జరగమన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఏ సభకు పోయినా తను ముందు, ఆమె వెనక. ఇప్పుడు ఆమె గుంపుతో కలిసి సామాను బండి తోసుకుంటూ పోతోంది. బండి సరిగ్గా కదలక, దాన్ని చూసుకుంటూ వెనక్కి తిరగడం మరిచిపోయింది. పెట్టె విరిగిపోయినా, ఏదో కాగితం తక్కువైనా ఆమె తిరిగొస్తుందేమోనని అతను గంటసేపు ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అట్లా కోరుకుంటున్నానని తెలిసి సిగ్గుపడ్డాడు. అయినా నిలబడ్డాడు.

మర్నాడు వాట్సాప్‌లో ఆమె గొంతు వచ్చింది. ఆఫీసరు కుర్రపిల్ల అని, మొదటిసారా అని ఒక్క ముక్క అడిగి, లోపలికి పోనిచ్చే నీలం చీటీ చేతికిచ్చిందని చెప్పింది. "నువ్వు అడిగిన వాటిల ఒక్కటి కూడా అడగలే," అని నవ్వింది.

శుక్రవారం గూడెంలో ప్రార్థన. ఇప్పపూలు రాలడానికి ఇంకా నెల ఉంది, మిర్చి కోతల రోజులు కావడంతో జనం ఆలస్యంగా వచ్చారు. వచ్చినవాళ్లు వాక్యం కంటే ముందు అమ్మగారి కబుర్లు వినిపించమన్నారు. షాలేమ్‌రాజుకు ఇష్టం లేదు. ముత్తక్క పట్టుబడితే ఫోన్ తీశాడు. తను చెయ్యి చాచి దాన్ని పట్టుకుంటే, ఇరవై మంది ఆ చేతి చుట్టూ తలలు ఆనించి విన్నారు. తను మాట్లాడేటప్పుడు వాళ్లు అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

"యొర్దాను చూసిన. మన వాగంత కూడా లేదు. నీళ్లు మట్టి రంగున్నయి. అయినా దిగంగనే ఏడుపొచ్చింది," అన్నది ఫోన్‌లో విశ్రాంతమ్మ.

జనం నవ్వారు. ముత్తక్క అతనివైపు తిరిగింది. "గోదారంత ఉంటదని మీరు చెప్తిరి కద అయ్యగారూ?"

అడిగిందే తప్ప ఆమె ఎగతాళి చేయలేదు. షాలేమ్‌రాజు నోటిదాకా ఒక జవాబు వచ్చింది. వానాకాలంలో అంత ఉంటుందని, కాలాన్ని బట్టి మారుతుందని. ఆ జవాబు చెప్పి ఉంటే వాళ్లు నమ్మేవాళ్లే.

"నేను చూడలేదు ముత్తక్కా. పెద్దగా చెప్తే బాగుంటదని చెప్పిన," అన్నాడు. ఆ వెంటనే ఆగలేకపోయాడు. "రాజకీయాల వల్ల వీసా రాలేదన్నది కూడా అట్లనే చెప్పిన. ఫారంల నేను అబద్ధం రాసిన. అందుకు రాలే."

వెనక వరసలో ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. ముత్తక్క మళ్లీ అడిగితే ఇయ్యరా అని ఆరా తీసింది. అడగొచ్చు, ఈసారి ఉన్నది రాయాలె అన్నాడు. ఆమె తల ఊపి, అమ్మగారి మాట ఇంకొకటి పెట్టమన్నది.

పదో రోజున విశ్రాంతమ్మ తిరిగొచ్చింది. గూడెం సంగతి ఆమెకు అప్పటికే తెలిసింది. ఏమీ అడగకుండా, తెచ్చిన ఒలీవ చెక్క సిలువ అతని చేతిలో పెట్టింది. ఆదివారం సంఘం ఆమెను మాట్లాడమంది. షాలేమ్‌రాజు ప్రసంగ పీఠం ఖాళీ చేసి, మగవాళ్ల వరసలో చాప మీద కూర్చున్నాడు. ఆమె కొండల గురించి, రొట్టెల గురించి, కాళ్ల నొప్పుల గురించి చెప్పింది. యెరికో నుంచి పైకి యెరూషలేముకు బస్సులో అయిదు గంటలు పట్టిందన్నది. గంట కూడా పట్టదని షాలేమ్‌రాజు కూర్చున్న చోటి నుంచే సరిచేశాడు, అనుకోకుండా, కొంచెం గట్టిగానే.

"అవునేమో. నేను నిద్రపోయిన," అన్నది విశ్రాంతమ్మ. సంఘమంతా హాయిగా నవ్వింది.

అతని ప్రసంగానికి వాళ్లు అట్లా ఎన్నడూ నవ్వలేదు. అతను కూడా నవ్వాడు. అందరికంటే కొంచెం ఆలస్యంగా.