లిదియమ్మ తుమ్ము

పిల్లి బొచ్చు పడదని డాక్టరు చెప్పినా లిదియమ్మ దొర్కాను వదల్లేదు. ఆత్మకూరులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేసి రిటైరైంది. పెళ్లీ పెటాకులూ లేవు. ఏళ్ల తరబడి పిల్లల గోలలో బతికిన మనిషి ఒంటి గదిలో అద్దెకు దిగి, గోడలతో మాట్లాడుకుంటూ అల్లాడుతుంటే, ఆ బూడిదరంగు పిల్లి తనంతట తానే వచ్చి ఒళ్లో ముడుచుకుంది. ఇంక వదులుతుందా? బైబిల్లో పేరు వెతికి మరీ పెట్టుకుంది. దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉడకేసింది, పిల్లిని మంచమెక్కనివ్వలేదు, మాత్రలు మింగింది. అయినా తెల్లారితే చాలు, ముక్కు ఎర్రబడి ఒకటే తుమ్ములు.

చిక్కల్లా అక్కడొచ్చింది. ఇంటి ఓనరు కోటేశ్వర్ స్థలాల బ్రోకరు. ఆయన మేడమీద, ఈమె కింద. బేరానికి బయల్దేరి ఆయన బండి స్టార్ట్ చేస్తాడో లేదో, లోపల్నుంచి తుమ్ము పడేది. తుమ్మితే ఆయనకు అడుగు ముందుకు పడుతుందా? కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి లేస్తేనే దోషం పోతుందని నమ్మకం. మళ్లీ మేడెక్కే ఓపిక లేక లిదియమ్మ వాకిట్లో మెట్టు మీదే కూలబడి తిట్లు లంకించుకునేవాడు.

"నా మీద ఏమన్నా పగ ఉండాదా పెద్దమ్మా? వింజమూరులో పార్టీ కాసుకోనుంటే, నువ్వేంది, ముహూర్తం పెట్టుకున్నట్టు తుమ్మతా ఉండావు!"

"నేనేం చేసేది నాయనా, ఆపితే ఆగేదా అది? ఇంద, తాగు."

తిట్లయ్యాక పెళ్లాంతో పేచీలు, మోకాలి నొప్పి, చెడిపోయిన బేరాలు ఏకరువు పెట్టేవాడు. ఈమె ఒక దోసె వేసి పెడితే వద్దు వద్దంటూనే తినేవాడు. పొద్దున్నే ఈ నస ఏమిటి ప్రభువా అని లిదియమ్మ లోపల విసుక్కునేది. పిచ్చి తల్లి!

ఆఖరికి ఒక పెద్ద బేరం చెడింది. పాపం తుమ్ము నెత్తిన పడింది. "ఆ పిల్లి అన్నా ఉండాల, నువ్వన్నా ఉండాల. తేల్చుకో" అన్నాడు కోటేశ్వర్.

ఈ వయసులో పిల్లితో సహా గది ఇచ్చేదెవరు? దొర్కాను బుట్టలో పెట్టుకుని లిదియమ్మ ఉదయగిరి బస్సెక్కింది. అక్కడ బీబీజాన్ ఉంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే హాస్టల్లో వండినవాళ్లు. ఇప్పుడామె ఇంట్లో కూర్చుని చెక్క స్పూన్లు చెక్కుతోంది. "కట్టెల్లో ఎలకలు ఎక్కువైపోయినాయి, ఉండనీలే" అంది బీబీజాన్. దొర్కా చెక్కపొట్టులో చక్కగా పడుకుంది. లిదియమ్మ మాత్రం తిరుగు బస్సులో దారి పొడుగునా ఏడ్చింది.

తుమ్ములు ఆగిపోయాయి. పోపు వాసన ముక్కుకు తెలుస్తోంది. కోటేశ్వర్ బండి ఎక్కడా ఆగకుండా రయ్యిమని పోతోంది. రోజులు గడిచినా ఆ మెట్టు మీద ఎవరూ కూర్చోలేదు. పిల్లి పోతే పిల్లి ఒక్కటే పోతుందనుకుంది లిదియమ్మ. మాట్లాడే మనిషీ పోయాడు.

ఒకనాడు పొద్దున్నే దోసెపిండి కలిపి, గ్లాసులో నీళ్లు పోసి, తలుపు వెనక నిలబడింది. దొంగతనానికి వచ్చినదానిలా సిగ్గేసింది. బండి స్టార్టయింది. "హాచ్!" అంది గట్టిగా.

బండి ఆగింది.

గబగబా తలుపు తీసింది. కోటేశ్వర్ బండి మీంచే వెనక్కి చూసి పకపకా నవ్వాడు.

"దొంగ తుమ్ము పెద్దమ్మా! ఇన్నాళ్లు విన్నోడికి ఆ మాత్రం తెలవదా? దీనికేం దోషం లేదులే, పొయ్యొస్తా!"

బండి సందు మలుపు తిరిగేదాకా లిదియమ్మ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. నోరు తెరిచి అడిగితే పోయేది. కానీ, తిట్టడానికైనా వచ్చి కాసేపు కూర్చోమని ఏ నోటితో అడుగుతుంది?