జెర్రికి కట్టిన నారి

దూదేకులవాడికి నారి బిగించడం ఎవరూ నేర్పనక్కర్లేదు. మేక నరంతో పేనిన ఆ తాడును తడిపి దూది ఏకే విల్లుకు కడతాం. ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్న జమాల్ సాబ్ అనే నాకు ఆ ఒక్కరోజు బుద్ధి గడ్డి తింది.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం. కంబదూరులో మా ఇంటి ముందర, అంగడి వరలక్ష్మమ్మగారి పాత పరుపు విప్పుతున్నాం. నా కూతురు గౌస్‌బీకి పన్నెండేళ్లు. ముద్దకట్టిన దూది లాగుతుంటే అందులోంచి జానెడు జెర్రి వచ్చి కుడిచేతి చూపుడువేలు కరిచింది. పిల్ల కెవ్వుమంది. నేను దాన్ని చెప్పుతో నలిపేశాను. వేలు ఎర్రగా వాచింది.

పక్కింటి మారెక్క పరుగెత్తుకొచ్చింది. చెనిక్కాయలు పీకేటప్పుడు తననూ జెర్రి రెండుసార్లు కరిచిందనీ, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో వేలు ముంచితే నొప్పి దిగుతుందనీ చెప్పింది. నేను వినలేదు. విషం గుండెకెక్కుతుందని భయం. తల్లిలేని పిల్ల, నాకింకెవరూ లేరు. చేతికందిన నారిని అలవాటు ప్రకారం తడిపి, మణికట్టు పైన నాలుగు చుట్లు చుట్టి ముడేశాను.

సాయంత్రానికి చెయ్యి ఉబ్బింది. విషం కట్టు దగ్గరే ఆగిపోయిందని సంతోషపడ్డాను, మూర్ఖుణ్ణి. పిల్ల విప్పమని ఏడిస్తే కసిరాను. తెల్లారేసరికి చెయ్యి నల్లబడింది. గిల్లినా తెలియలేదు. అప్పుడు పిల్లను ఎత్తుకుని కళ్యాణదుర్గం బస్సెక్కాను.

నారి కండలోకి దిగిపోయింది. దాన్ని కత్తిరించడానికే డాక్టరు తంటాలు పడ్డాడు. జెర్రి కరిస్తే మనిషి చావడం చాలా అరుదనీ, వేడినీళ్లూ ఒక నొప్పిమాత్రా సరిపోయేవనీ, రక్తం ఆడకనే చెయ్యి చచ్చిపోయిందనీ అన్నాడు. మణికట్టు పైదాకా తీసేశారు.

చెయ్యి ఏమైందని ఎవరడిగినా గౌస్‌బీ జెర్రి కరిచిందనే చెబుతుంది. మొన్న మా వీధి దాసప్ప అడిగినా అదే మాట. ఇక తట్టుకోలేకపోయాను. ఇంట్లోకి రాగానే అడిగాను.

"నేను కట్టినానని యాల చెప్పవే?"

ఎడమచేత్తో సంగటి తుంచుకుంటూ, తలెత్తకుండానే అంది.

"కట్టేటప్పుడు నీ చేతులు వణుకుతాండె నాయనా. నేను చూసినా."

చెయ్యి పోగొట్టుకున్న పిల్ల నా మీద జాలిపడుతోంది. నోరారా తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.