నూనెగిన్నెలో మావయ్య

ఆదివారం పొద్దున చర్చి గంట మోగుతుంటే హాస్టలు ఆడపిల్లలంతా వరసలో నిలబడ్డారు. తొమ్మిదో తరగతి వెంకటదుర్గ వెనక నిలబడ్డ ఆశాజ్యోతి ఉన్నట్టుండి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒసే, తిన్నగా నాతో వచ్చెయ్యి. వెనక్కి తిరక్కు."

బాత్రూముల దగ్గరికి లాక్కుపోయి, తన గుడ్డలే తెచ్చి ఇచ్చింది. వెంకటదుర్గ గోడకి ఆనుకుని ఏడుస్తూ కూర్చుంది.

"దీనికి ఏడుపేంటే! నాకయినప్పుడు మా డాడీ ప్రార్థన చేశాడు, మమ్మీ కోడికూర వండింది, అంతే. పద, వార్డెన్ గారికి చెబుదాం. మీ వాళ్ళకి కబురు పెడతారు."

"వద్దే బాబూ, నీకు దణ్ణం పెడతాను."

ఎందుకు వద్దందంటే, ఆ పిల్ల భయం ఆ పిల్లది. పెదనాన్న కూతురు లావణ్య ఎనిమిదిలో ఉండగా పెద్దమనిషయింది. పందిరి వేశారు, మైకు పెట్టారు, ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఆ కుర్చీలోంచి లేచిన పిల్ల మళ్ళీ బడి మొహం చూడలేదు. వెంకటదుర్గని హాస్టల్లో వేయించింది మేనమామ బుల్లియ్య. చెరుకు ట్రాక్టరు తోలేవాడు. "నాకు స్టీరింగు తప్ప ఇంకోటి రాదు బావా, దీనికైనా నాలుగు అక్షరాలు రానీ" అని బావగారి గడ్డం పట్టుకుని ఒప్పించాడు. బుల్లియ్య తల్లి, పిల్లకి అమ్మమ్మ, అప్పాయమ్మకి అప్పుడే ఇష్టం లేదు. "ఈడొచ్చేదాకానేరా, తర్వాత ఇంటికే" అని ముందే చెప్పేసింది.

పదో తరగతి గట్టెక్కేదాకా కడుపులో పెట్టుకుంటే సరి, అనుకుంది వెంకటదుర్గ.

దాచడమంటే మాటలా? హాస్టల్లో ఆశాజ్యోతి కాపలా కాసింది గనక సరిపోయింది. కార్తీకమాసంలో ఇంటికొస్తే అమ్మమ్మ పాలకొల్లు గుడికి తీసుకెళ్ళి, చేతిలో చెయ్యేసి దీపం పెట్టించింది. ఆ వేళ పిల్లకి నెలసరి, గుళ్ళో అడుగు పెట్టకూడదు. ఏమని చెబుతుంది? దీపం వెలిగింది గాని పిల్ల మొహం ఆరిపోయింది.

వేసవి సెలవుల్లో ఇక దాగలేదు. తల్లి చిట్టెమ్మ దుప్పటి చూసేసింది.

"ఎప్పుడే?"

"ఇప్పుడేనమ్మా."

ఆ ముక్క నోరు జారింది, ఇక వెనక్కి రాలేదు. తల్లి సంబరపడిపోతూ గోడ గడియారం చూసి, పంతులుగారికి కబురంపింది. పిల్లని కొబ్బరాకు మీద కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లం రోట్లో వేసి చిమ్మిలి దంచారు. పంతులుగారు పంచాంగం తిరగేసి పెదవి విరిచారు.

"నక్షత్రం మంచిది కాదమ్మా. మేనమామకి కీడు. శాంతి జరిగేదాకా అబ్బాయి పిల్ల మొహం చూడకూడదు. ఆ రోజు కూడా ముందు నూనెలో నీడ చూసి, ఆ తర్వాతే మనిషిని చూడాలి."

బుల్లియ్య ఒక్కగానొక్క కొడుకాయె, అప్పాయమ్మ గుండె జారిపోయింది. ట్రాక్టరు తాళం తీసి దాచేసింది. రాత్రి తిండి మానేసింది. బుల్లియ్య మాత్రం అరుగు మీద కూర్చుని లోపలికి వినపడేలా కేకలేసేవాడు.

"ఏమే దుర్గమ్మా! నన్ను పంపించేద్దామనే? పోతే పోయాను గాని, ముందు ఆ చిమ్మిలుండ ఒకటి ఇటు విసురు!"

ఇంట్లో వాళ్ళంతా పకపకా నవ్వేవారు. వెంకటదుర్గకి దొంగకు తేలు కుట్టినట్టుండేది. నిజం చెబితే మావయ్యకి గండం లేదు. కానీ చెబితే, హాస్టల్లో నేర్చుకున్నది ఇదా అంటారు, బడి మీద మిగిలిన కాస్త ఆశకీ ఆ రోజే చెల్లు. రోజూ పొద్దున చెబుదామని నోరు తెరిచేది, మూసేసేది.

మధ్యాహ్నం పూట అప్పాయమ్మ వచ్చి పక్కన చతికిలబడి చిమ్మిలి నోట్లో పెట్టేది. "తిను తల్లీ. నీదేం తప్పమ్మా, ఆ వేళ అలా వచ్చింది" అనేది. పస్తులున్న ముసలిది తను మాత్రం ఒక్క ముక్కా ముట్టేది కాదు. పిల్ల ఆ ముద్దని నమలకుండా బుగ్గన పెట్టుకునేది.

శాంతి రోజు వచ్చింది. చుట్టాలంతా చేరారు. బుల్లియ్యని కళ్ళు మూయించి తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. మధ్యలో కంచుగిన్నె నిండా నువ్వులనూనె పోశారు.

"ఇప్పుడు తల వంచి చూడు నాయనా" అన్నారు పంతులుగారు.

మావయ్య వంగాడు. ఎదురుగా కూర్చున్న వెంకటదుర్గకీ నూనెలో అతని మొహం కనపడింది. అరుగు మీద కేకలేసే మనిషి కాదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా బెదిరిపోయి ఉన్నాయి. అన్నాళ్ళూ నవ్వించింది లోపలి భయాన్ని కప్పిపుచ్చడానికేనని పిల్లకి అప్పుడు తెలిసింది.

"పంతులుగారూ, ఇది మొదటిసారి కాదండి."

"నోర్ముయ్యవే!" అంది తల్లి, ఏం విన్నదో తనకే తెలియక.

"దసరాకి ముందే అయ్యానమ్మా. హాస్టల్లో. నేనే చెప్పలేదు."

అప్పాయమ్మ గొంతు మెల్లగా వినపడింది. "అయితే కార్తీకంలో... నా చేత్తోనే ఇచ్చాను కదే దీపం." తిట్టలేదు, కొట్టలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

"హాస్టలు చదువంటే ఇదేనర్రా!" అని వెనకనుంచి ఎవరో దెప్పారు.

పంతులుగారు మళ్ళీ పంచాంగం తెరిచారు. "పోనీ, ఆ రోజేదో, ఆ వేళేదో చెప్పమ్మా. చూద్దాం."

చర్చి గంట మోగుతున్న వేళ పిల్లకి బాగానే గుర్తుంది. అందులోనూ కీడే ఉంటే?

"మూసేయండి పంతులుగారూ," అన్నాడు బుల్లియ్య. "నాకింకో నక్షత్రం వద్దు." నూనెగిన్నె పక్కకి జరిపి, తలెత్తి మేనకోడలి మొహంలోకి సూటిగా చూశాడు. "ఎందుకు దాచావే?"

"బడి మానిపిస్తారని."

"జూన్‌లో నేనే దింపుతాను. పది రాసేదాకా దీని జోలికెవరూ రాకండి." అక్కవైపూ అమ్మవైపూ తిరిగి ఆ మాట అనేసి, మళ్ళీ పిల్లవైపు చూశాడు. గొంతు తగ్గింది. "మానిపిస్తుంటే నేను చూస్తూ ఊరుకుంటాననుకున్నావా? నాకు కూడా చెప్పబుద్ధి కాలేదా?"

పిల్ల తల దించుకుంది.

బుల్లియ్య లేచి పంచె దులుపుకున్నాడు. గుమ్మం దాటేటప్పుడు ఏదో ఒక ఎగతాళి విసరందే బయటికి పోని మనిషి, ఆ రోజు ఒక్క మాటయినా అనకుండా వెళ్ళిపోయాడు. బడి దక్కింది. తల్లి అక్షింతలు చల్లుతూ "తలెత్తవే" అంటే వెంకటదుర్గ ఎత్తలేకపోయింది.