వినోదక్క పాటకు జవాబు

మా నాట్ల ముఠాకు మొదటినుంచీ పెద్ద వినోదక్కే. పెద్దపల్లి చుట్టుపక్కల ఏ రైతుకు నాటు పడినా ఆమెకే ఫోను చేస్తాడు. మడిలో దిగాక పాట ఎత్తేదీ ఆమే, వెనక అందుకునేది మేము. పాట సాగితే నడుము నొప్పి తెలియదు. పాట ఎవరిదైతే ముఠా వాళ్లది, అది మా దగ్గరి రివాజు.

కోమల పోయినేడు లక్సెట్టిపేట నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. ఒకనాడు వినోదక్కకు గొంతు పట్టేస్తే ఆ పిల్ల పాట ఎత్తింది. పొద్దు ఉండగానే మడి నిండిపోయింది. మేం నోరు మూసుకోవాల్సింది, మూసుకోలేదు. ఇల్లు చేరేదాకా కోమల గొంతునే పొగిడాం.

మర్నాడు హనుమండ్లు పటేల్ ఫోను చేశాడు. వినోదక్క స్పీకర్ పెట్టింది.

"వినోదా, కోమల ముఠా ఖాళీగున్నదా?"

అంతే. వినోదక్క కళ్లల్లో నిప్పులు పోసుకుంది. ఆ రోజు నుంచి మేమంతా ఒక మడిలో నాటు వేస్తుంటే, కోమల దూరంగా నారుమడిలో ఒక్కతే నారు గుంజి కట్టలు కట్టాలి.

"నీ చేతులు చురుకు గదనే, నారు గుంజు" అంది వినోదక్క తీయగా. ఆ తీపి ఏమిటో మాకు తెలియదా?

ఆదివారం చర్చిలో పాస్టరయ్య పెద్దరికం గురించి చెబుతూ సౌలు రాజు కథ ఎత్తుకున్నాడు.

"ఆడోళ్లు సౌలు కన్న, ఆయన కొలువుల పిలగాడు దావీదును జర ఎక్కువ పొగిడిండ్రు. గా మాట సౌలు చెవుల పడ్డది. తన మనసు బాగలేనప్పుడు సితార వాయించిన ఆ పిలగాని మీదికే ఈటె ఇసిరిండు. పెద్దరికం చేసెటోడు పక్కోని పేరు చూసి కాలిపోతే కుర్చీ మిగుల్తది గని, మంది మిగలరు."

మేమంతా ఓరగా వినోదక్క వైపు చూశాం. ఆమె మాత్రం ప్రతి మాటకూ తల ఊపుతోంది.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, "ఇన్నరా? కోమలకు మంచిగ తగిలింది. నా అసొంటి దావీదు మీదికి ఈటె ఇసుర్తే గట్లనే అయితది" అంది.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా.

సోమవారం హనుమండ్లు పటేల్ మడిలో దిగాం. కోమల నారుమడిలోకి పోయింది. వినోదక్క పాట ఎత్తింది.

"మబ్బు లేచెనో చెల్లెలా..."

ఎవరూ అందుకోలేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు, నోరు రాలేదు, అంతే. ఆమె మళ్లీ ఎత్తింది. బురదలో మా కాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. గట్టు మీద పటేల్ బీడీ ఆర్పి చూస్తున్నాడు. ఆ పాట అక్కడే చస్తే వినోదక్క పెద్దరికం కూడా అక్కడే చస్తుంది. అది ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. మూడోసారి ఆమె గొంతు వణికింది. అయినా నేను పళ్లు బిగించుకునే ఉన్నాను.

అప్పుడు నారుమడిలోంచి జవాబు వచ్చింది.

"మడి నిండెనో చెల్లెలా..."

కోమల తల కూడా ఎత్తలేదు. నారు గుంజుతూనే పాడింది. మాకు సిగ్గేసి ఒక్కొక్కరమే గొంతు కలిపాం.

వినోదక్క చేతిలో నారును బురదలో గుచ్చింది. "నా పెద్దరికం గూడ దీని చేతుల్నే ఉండాల్నా" అని నా పక్కనే పళ్లు నూరింది. వరుస చివరిదాకా నాటు వేసి, నడుము ఎత్తి పిలిచింది.

"కోమలా, గా నారు మేం గుంజుకుంటం. ఇటొచ్చి నా పక్కకు నిలబడు."

కోమల బురద కాళ్లతో వచ్చి నిలబడింది.

"ఎత్తు. నేనందుకుంట."

బుద్ధెరిగినప్పటినుంచి ఎవరి పాటా అందుకోని వినోదక్క ఆ రోజు మా అందరికన్నా గట్టిగా అందుకుంది, కోమల గొంతు పటేల్‌కు వినబడనంత గట్టిగా.